నడచుచున్న లెక్కకు నకలు తీయుట

మన శ్రీరాంపూరు వైపు భూమి తగవు వచ్చినపుడు మొట్టమొదట వినబడు మాట "నకలు తెమ్ము" అనునదియే. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కొరకు కచేరీ మెట్లెక్కినవారు మీలో పలువురుందురు. ఆ పహాణీలు కాగితముపై నుండెను. ఇప్పటి భూమి లెక్క 2020లో ధరణిలోనికి, 2025లో భూభారతిలోనికి చేరి కంప్యూటరు వశమైనది. సంఘము అప్పులు, ధాన్యము తూకములు కూడ నట్లే. ఆ కంప్యూటరు చెడినచో లెక్క యేమగును? వేరొక చోట దాని నకలుండవలెను. దానినే బ్యాకప్ అందురు. పైకి సులభముగా దోచు నీ పనిలో నొక చిక్కు గలదు.

ఒక పరపతి సంఘపు ఖాతా పుస్తకము ననుకొనుడు. గుమాస్తా ఉదయము పది గంటలకు నకలు వ్రాయ నారంభించెను. మొదటి పుటలో రాజయ్య పేర 8,000 రూపాయలున్నవి. అది వ్రాసికొని పుట త్రిప్పెను. పదిన్నరకు రాజయ్య వచ్చి, అందు 5,000 మల్లయ్య ఖాతాకు మార్పించెను. మల్లయ్యకు పూర్వమున్నవి 3,000. ఇపుడు 8,000 అయినవి. పదునొకండు గంటలకు గుమాస్తా మల్లయ్య పుటకు వచ్చి, ఉన్నదున్నట్లు 8,000 అని వ్రాసెను. ఇద్దరిదియు కలిపి సంఘములో నున్నది 11,000, నకలులో 16,000! గుమాస్తా యొక్క అంకెయు తప్పు వ్రాయలేదు. అయినను నకలు అబద్ధమైనది. అట్టి లెక్క యే క్షణమునను లేదు.

అంగడి తలుపు మూసి లెక్క చూచుకొనుట షావుకార్ల పాత పద్ధతి. కాని బొగ్గు గని మూడు షిఫ్టులు నడచును. జైపూరులోని సింగరేణి విద్యుత్కేంద్రము అర్ధరాత్రి యని ఆగదు. అట్టిచోట పుస్తకము మూయుటకు వేళ యెక్కడిది?

ఇందులకు కనుగొన్న ఉపాయమే స్నాప్‌షాట్. లినక్స్ కంప్యూటర్లలో ఎల్.వి.యం. అను ఏర్పాటు దీనిని చేయును. పది గంటలకు "ఈ క్షణపు లెక్క నాకు కావలెను" అని ఆజ్ఞ యిత్తుము. అపుడు నకలేమియు తీయబడదు. కావుననే యది రెప్పపాటులో ముగియును. అటుపిమ్మట ఎవరైన నొక పుటను మొదటిసారి దిద్దదలచినచో, దిద్దుటకు ముందు పాత పుటను ప్రక్కనున్న సంచిలో వేయవలెనని నియమము. నకలు వ్రాయువాడు ప్రతి పుటకును మొదట సంచి చూచును. అందున్న దానినే వ్రాసికొనును, లేనిచో పుస్తకములోనిది వ్రాసికొనును. రాజయ్య 8,000, మల్లయ్య 3,000 – సరిగా పది గంటల లెక్క చేతికి వచ్చును. సంఘము పని ఆగదు. అయితే ఆజ్ఞ యిచ్చునపుడు సగము వ్రాసిన పద్దు ఉండరాదు. కావున లెక్క వ్రాయు ప్రోగ్రామును ఒక్క క్షణము నిలిపి, చేతిలోని పద్దు ముగింపజేయుట మంచిది.

ఇక సంచి సంగతి. అది చిన్నది. నకలు ముగియకముందే నిండిపోయినచో ఎల్.వి.యం. ఆ స్నాప్‌షాటును మొత్తముగా చెల్లనిదిగా త్రోసివేయును. కొంత దక్కెనన్న మాట లేదు. కనుక రద్దీ లేని వేళ చూచి, సంచిని కొంత పెద్దదిగానే కుట్టించుకొనవలెను. నకలు ముగియగానే దానిని తొలగింపవలెను. ఉన్నంతకాలము ప్రతి పుట మొదటి దిద్దుబాటునకును అదనపు శ్రమ. మరియు సంచి పుస్తకమున్న ఇంటిలోనిదే. ఇల్లు కాలిన రెండును కాలును. స్నాప్‌షాటే బ్యాకప్ అని నమ్మి నిద్రించువారిని నేను చూచితిని. నాకది వింతగా దోచును. దాని నుండి తీసిన నకలు మరియొక యూరికి పోవలెను.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను కంపెనీలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసునే చెరిపివేసెను. ప్రతిదినము తీయబడుచున్నవనుకొన్న నకళ్ళను వెదకగా, అవి తీయబడుటయే లేదని తెలిసెను. దాదాపు ఆరు గంటలకు పూర్వము వేరొక పనికై ఎల్.వి.యం. స్నాప్‌షాట్ తీసి, పరీక్షలకుంచిన యంత్రములోనికి చేర్చిన ప్రతియే వారికి దిక్కైనది. ఆ ఆరు గంటల వ్రాతలు మాత్రము తిరిగి రాలేదు. మన సంఘములో కంప్యూటరు చూచు పిల్లవానిని మీరు రెండు ప్రశ్న లడుగుడు: నకలు ఏ యూరిలో నున్నది? దానిని తెరచి చూచి యెన్నాళ్ళయినది?