ఓరుగల్లు తోరణాలు - మోటుపల్లి శాసనం

ఒక జాతి గతాన్ని తెలుసుకోవడానికి కట్టడాలు, శాసనాలు ముఖ్య ఆధారాలు. కాకతీయుల రాజధాని ఓరుగల్లు ఇందుకు చక్కని నిదర్శనం.

నేటి ఖిలా వరంగల్‌లోని రాతికోట నిర్మాణాన్ని గణపతిదేవుడు ప్రారంభించగా, ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తిచేసింది. కోట నడుమ నాలుగు దిక్కులా నాలుగు శిలాతోరణాలు నిలిచి ఉన్నాయి. ఇవి ఒకప్పటి స్వయంభూ శివాలయ ప్రాంగణానికి ప్రవేశద్వారాలు. 1323లో ఢిల్లీ సేనలు కోటను జయించిన పిమ్మట ఆ ఆలయం ధ్వంసమైంది, తోరణాలు మిగిలాయి. వాటి మధ్య నిలిచి చూసేవారికి ఆ ప్రాంగణ విస్తీర్ణం నేటికీ బోధపడుతుంది.

ఈ రాజధాని వైభవానికి వ్యవసాయంతోపాటు సముద్ర వాణిజ్యమూ తోడ్పడింది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల ప్రసిద్ధ రేవు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారు. గణపతిదేవుడు ఆ దురాచారాన్ని మాన్పించాడు. ఎగుమతి, దిగుమతులపై ముప్పయ్యవ వంతును సుంకంగా నిర్ణయించి, వర్తకులకు అభయమిస్తూ 1244-45లో శాసనం వేయించాడు. మోటుపల్లి వీరభద్రాలయంలోని స్తంభంపై అది చెక్కబడి ఉంది. ఆ శతాబ్ది చివర ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఈ రేవును, ఇక్కడి సన్నని వస్త్రాలను ప్రశంసించాడు.

తోరణం శిల్పుల నేర్పును చాటితే, శాసనం పాలకుని ధర్మాన్ని తెలుపుతుంది. ఇట్టి శిలలపై తమ పేర్లు చెక్కుకొనే సందర్శకులు ఆ సాక్ష్యాన్నే చెరిపివేస్తున్నారు. చెరిగిన అక్షరాన్ని తిరిగి రాయగల గణపతిదేవుడు నేడు లేడు. ఉన్నదానిని కాపాడుకోవడమే మన కర్తవ్యం.