కాలేజీ విద్యార్థులు – కంప్యూటరు శాస్త్రము

మన పాఠశాల విడిచిన విద్యార్థులలో పలువురు కొన్నియేండ్లకు ఇంజనీరింగు కాలేజీలలో కంప్యూటరు శాఖను కోరుకొనుచున్నారు. శాఖను కోరువారికి కొదువ లేదు. శాస్త్రమును కోరువారే అరుదు. తలిదండ్రులు మమ్ము మొదట అడుగునది, “అయ్యా, ఉద్యోగము దొరకునా?” అనునదే. అది తప్పు ప్రశ్న కాదు. పసుపు అమ్మి ఫీజు కట్టిన తండ్రి మరేమి యడుగును? అయినను ఆ యొక్క ప్రశ్నతోనే కాలేజీలో అడుగిడినవాడు రెండవ యేటికే నోట్సు బట్టీపట్టి పరీక్ష గడుపుకొనువాడగుచున్నాడు.

ఈ శాస్త్రమునకు మూలము యంత్రము కాదు. పనిని క్రమముగా విభజించు ఆలోచన. 1,000 పుటల నిఘంటువులో ఒక పదమును వెదకవలెననుకొనుడు. మొదటినుండి త్రిప్పుచు పోయినచో వేయి పుటలును చూడవలసి రావచ్చును. నడుమ తెరచి, పదము ముందున్నదో వెనుకనున్నదో చూచి, అక్కరలేని సగమును విడిచి, మిగిలినదానిని మరల నడుమ తెరచుచు పోయినచో 10 మారులలో చిక్కును. పుటలు 10 లక్షలైనను 20 మారులే చాలును! కరెంటు లేని గదిలోనైనను దీనిని చేసి చూపవచ్చును. చూచి “అదెట్లు?” అని యడిగిన విద్యార్థికి ఆసక్తి పుట్టినట్లే.

మన మెట్‌పల్లి ఖద్దరు మగ్గములను చూచినవారికి మరియొక సంగతి సులభముగా బోధపడును. పేక సాగునప్పుడు ప్రతి పడుగు పోగును పైన నుండును, లేదా క్రింద నుండును. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశీయుడగు జకార్డు, ఏ పోగు లేవవలెనో అట్టలపై రంధ్రములతో తెలుపు మగ్గమును నిర్మించెను. 1830 తరువాత ఇంగ్లండులో బాబేజి తాను తలపెట్టిన గణకయంత్రమునకు అట్టి అట్టలనే యెన్నుకొనెను. నేటి కంప్యూటరు 0, 1 అను రెండంకెలతో సమస్తమును వ్రాసికొనుటయు ఆ పోగుల వంటిదే.

ఇంగ్లీషు రాదను భయము తెలుగు మాధ్యమమున చదివినవారిని వెనుకకు లాగుచున్నది. సి యను కంప్యూటరు భాషకు 1989లో ఏర్పడిన ప్రమాణములో ముఖ్యపదములు 32 మాత్రమే. మిగిలినది తర్కము; దానిని తెలుగున ఆలోచించినను చెల్లును.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి గారు 1958లో మద్రాసు గిండీ కాలేజీనుండి పొందినది సివిల్ ఇంజనీరింగు పట్టము. పిదప అమెరికాలో కంప్యూటరు శాస్త్రమున పరిశోధన సలిపి, మనుష్యుని మాటను యంత్రము గ్రహించు విధమును శోధించి, 1994లో ట్యూరింగ్ బహుమానమును మరియొకరితో కలిసి అందుకొనిరి. పల్లె విద్యార్థులకై 2008లో స్థాపింపబడిన ట్రిపుల్ ఐటీల వెనుకను వారి తోడ్పాటు గలదు. వానిలో మనకు దగ్గరిది బాసర; పదవ తరగతి మార్కులనుబట్టి ప్రవేశము, ఆరేండ్ల చదువు.

కాలేజీ ఉపాధ్యాయులతో మా విన్నపమొకటి. మొదటి పాఠమున విద్యార్థికి అతని యింటి లెక్కనే యిండు: మార్కెటుకు తెచ్చిన పసుపు బస్తాల తూకము, ధర, కూలి, బండి కిరాయి తీసివేయగా చేతికి మిగులు రొక్కము. అతడు వ్రాసిన ప్రోగ్రాము చెప్పిన మొత్తమును తండ్రి తన చేతి లెక్కతో సరిచూచును. తేడా వచ్చినచో ఏ వరుసలో పొరపాటున్నదో కుమారుడు వెదకవలెను. ఆ రాత్రి అతనిని నిద్రపొమ్మని తల్లి చెప్పవలసి వచ్చును.