అడుగుకు పావు అంగుళం

పాతకాలపు తెరచాప ఓడకు నమూనా కట్టడమంటే, అసలు ఓడ కొలతలన్నిటినీ ఒకే అంకెతో భాగించి ఆ ప్రకారం చెక్క కోసుకోవడమేనని చాలామంది అనుకుంటారు. లెక్క వరకు నిజమే. 1765లో ఇంగ్లండులోని చాటమ్‌లో నీళ్లలోకి దించిన యుద్ధనౌక విక్టరీలో ఫిరంగుల అంతస్తు పొడవు 186 అడుగులు. అడుగుకు పావు అంగుళం, అంటే 1:48 లెక్కన, అది 46న్నర అంగుళాలవుతుంది, ఇంట్లో బల్ల మీద పడుతుంది. ఈ భాగహారం బడిపిల్లలు కూడా చేస్తారు. చిక్కేమిటంటే కొలతలు తగ్గినట్టు పదార్థాలు తగ్గవు. నమూనాకారుడి పనితనమంతా ఆ చిక్కు దగ్గరే తెలుస్తుంది.

ముందు చెక్క సంగతి చూద్దాం. విక్టరీని కట్టింది ప్రధానంగా ఓక్‌తో. నమూనాకు కూడా ఓక్‌నే వాడితే నిజాయితీగా ఉంటుందనిపిస్తుంది, కాని ఓక్ చెక్కలోని నార, రంధ్రాలు మోటుగా కనిపిస్తాయి. 1:48లో ఆ గీతలు 48 రెట్లు పెద్దవై, పలకలు బీటలు వారినట్టు అగుపిస్తాయి. అందుకే అనుభవజ్ఞులు బేరిచెట్టు కొయ్యనో, నార దాదాపు కనబడని బాక్స్‌వుడ్‌నో ఎంచుకుంటారు. అసలు ఓడలా కనిపించాలంటే అసలు ఓడ చెక్కను వదులుకోవాలి. రంగుకూ ఇదే బాధ. పదో వంతు మిల్లీమీటరు పూత చాలా పల్చనిదే, అయినా 1:48లో అది దాదాపు అయిదు మిల్లీమీటర్ల పెంకుతో సమానం. నగిషీల అంచులు దాని కింద పూడిపోతాయి. పల్చటి పూతలు వేస్తూ, మధ్యమధ్య సన్నని ఉప్పుకాగితంతో రుద్దుతూ పోవాలి. ఓపిక లేనివాళ్ల పని ఎక్కువగా ఇక్కడే చెడుతుంది.

పెద్ద ఓడలో పలకలను బిగించడానికి చెక్కమేకులు వాడేవారు. ఒక్కొక్కటి సుమారు అంగుళంన్నర మందం. నమూనాలో అది 0.8 మిల్లీమీటరు. అంత సన్నని మేకును ఉలితో చెక్కడం కుదరదు. వెదురు పుల్లను చీల్చి, ఉక్కు పలకలో వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాల గుండా ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతారు. మన కంసాలులు బంగారు తీగ తీసే కమ్మచ్చు పనిముట్టు ఇదే. వెదురు నార నిలువుగా సాగుతుంది కనుక అంత సన్నమైనా విరగదు.

నన్ను అడిగితే, నమూనాను అంచనా కట్టడానికి ముందుగా చూడవలసింది తాళ్లు. విక్టరీలో ఉన్న తాడు మొత్తం సుమారు 42 కిలోమీటర్లు, 1:48లో 875 మీటర్లు. కొట్లో దొరికే కుట్టుదారం సన్నగానే ఉంటుంది కాని, దాని మీద నూగు లేస్తుంది. అర మిల్లీమీటరు నూగంటే అసలు తాడు మీద దాదాపు అంగుళం పొడవు వెంట్రుక. అందుకని నార దారాన్ని తేనెమైనంలో రుద్ది నూగు అణుస్తారు. మరింత శ్రద్ధ ఉన్నవాళ్లు తాడును తామే పేనుకుంటారు. ఒక దిక్కుకు తిప్పిన పురులను కలిపి ఎదురు దిక్కుకు తిప్పితే, ఒకదాని పట్టును మరొకటి అడ్డుకుని తాడు విప్పుకోకుండా నిలబడుతుంది. ఓడలోని మామూలు తాళ్లు కుడి పురివి. లంగరు మోకు మాత్రం అలాంటి మూడు తాళ్లను కలిపి ఎడమవైపు పేనింది. నమూనాలో ఈ తేడా చూపించాలంటే తాళ్లు పేనే చిన్న యంత్రం ముందు చేసుకోవాలి. చూసేవాళ్లలో ఎందరు దీన్ని గుర్తిస్తారని అడగొచ్చు. ఓడ తెలిసినవాడి కంటికి మాత్రం తప్పు పురి వెంటనే తగులుతుంది. ఆ ఒక్కడి కోసమైనా సరిగ్గా చెయ్యాల్సిందే.

అయితే ఖచ్చితత్వమూ పనితనమూ ఒకటి కాదు. 17వ శతాబ్దం నడుమ నుంచి ఇంగ్లండులో చేసిన నేవీ బోర్డు నమూనాలను ఈ కళకు శిఖరమంటారు. ఓడ కింది భాగానికి పలకలు వెయ్యకుండా లోపలి వంపు కొయ్యలు కనబడేలా వదిలారు. ఆ కొయ్యల అమరిక మాత్రం నిజం ఓడల్లో ఉన్నట్టు ఉండదు. ఓడ ఒంపు ఎలా తిరుగుతుందో కంటికి తెలియాలని సరళం చేసి, ఒక పద్ధతిగా పెట్టుకున్న అమరిక అది. ఏం చూపాలో ఎరిగి తీసుకున్న నిర్ణయం కాబట్టి నేను దాన్ని తప్పనలేను.

దీనికి మరో కొసన ఫ్రెంచి ఖైదీల పని ఉంది. నెపోలియన్ యుద్ధాల రోజుల్లో ఇంగ్లండులో బందీలైనవాళ్లు, పీటర్‌బరో దగ్గర 1797లో తెరిచిన నార్మన్ క్రాస్ లాంటి శిబిరాల్లో, తమ మాంసపు రేషన్‌లో మిగిలిన ఎముకలను తెల్లబరిచి, కోసి, ఆకురాయితో అరగదీసి ఓడలు చేసి అమ్ముకున్నారు. చేతిలో నక్షాల్లేవు. జ్ఞాపకం మీద కట్టినవి కావడంతో చాలావాటిలో ఓడకూ తెరచాప కొయ్యలకూ పొంతన కుదరదు. కాని ఎముక పలకల అతుకు చూడండి, సన్నని దారాలు పోయిన కప్పీలు చూడండి. కొలతల్లో తప్పిన ఆ ఓడలు, లేజరుతో కోసిన ముక్కలు పెట్టెలోంచి తీసి జిగురుతో అంటించిన ఎన్నో సరైన నమూనాల కంటే గొప్ప పని. పెట్టె సరుకుతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. అందులో ఇచ్చిన దారం, ఇచ్చిన కప్పీ చాలనుకుని ఆగిపోతేనే చెయ్యి ఎదగదు.

లండన్ సైన్స్ మ్యూజియం సేకరణలో 1670 నాటి ప్రిన్స్ ఓడ నమూనా ఉంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అనాపొలిస్‌లోని నావికా అకాడమీ మ్యూజియం అందుబాటులో ఉంది. నేవీ బోర్డు నమూనాల గొప్ప సేకరణల్లో ఒకటి అక్కడిదే. వెళ్లినప్పుడు బంగారు పూత బొమ్మల దగ్గరే ఆగిపోకండి, వంగి కింది కొయ్యల అతుకులు చూడండి. మొదలుపెట్టాలన్న కోరిక ఉన్నవాళ్లు ఓడ జోలికి పోకముందు మూడు నార దారాలు తీసుకుని ఒక జానెడు తాడు పేనండి, అది సమంగా వచ్చేదాకా.