గల్ఫ్ వెళ్తున్నారా? అరబీ చదవడం వస్తే చాలదు, మాట్లాడటమూ రావాలి

గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి డ్రైవర్లుగా, ఇంటిపనికి, దుకాణాల్లో పనికి గల్ఫ్ వెళ్లేవారు పాస్‌పోర్టు, వీసా, మెడికల్ కోసం నెలల తరబడి తిరుగుతారు. భాష సంగతి మాత్రం ‘అక్కడికెళ్లాక అదే వస్తుందిలే’ అని వదిలేస్తారు. కానీ జీతం ఎంతని అడగడం, ఒంట్లో బాగోలేదని చెప్పడం మొదటి వారం నుంచే అవసరం. వెళ్లడానికి రెండు నెలల ముందే మొదలుపెడితే మంచిది.

మన ఇళ్లలో ఒక సౌలభ్యం ఉంది. మక్తబ్‌లో ఖుర్ఆన్ నాజిరా చదివినవారికి అక్షరాలు వచ్చు. అయితే బోర్డుల మీద, కాగితాల మీద జబర్, జేర్, పేష్ ఉండవు. మాట ముందే తెలిస్తేనే చదవగలం.

పుస్తకం వేరు, వీధి వేరు

‘ఎలా ఉన్నారు’ అనడానికి పుస్తకంలో ‘కైఫ హాలుక’ అని ఉంటుంది. కువైట్ వీధిలో వినిపించేది ‘ష్లోనక్’. అందుకే ఏ దేశం వెళ్తున్నారో ఆ దేశపు మాటే నేర్చుకోవాలి.

ఉర్దూతో లాభం, జాగ్రత్త

హిసాబ్, కితాబ్, వఖ్త్, దవా లాంటివి రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. కొన్ని మాత్రం మోసం చేస్తాయి. ఉర్దూలో ‘గరీబ్’ అంటే పేదవాడు, అరబీలో వింత, పరాయి. ‘ఇజాజత్’ మనకు అనుమతి. అక్కడ పనిచోట ‘ఇజాజా’ అంటే సెలవు. మన ‘ఖసమ్’ మొగుడు. జీతం చీటీలో ‘ఖస్మ్’ అని ఉంటే జీతంలో కోత పడిందని!

ముందు లెక్కలు

అరబీలో 25ని ‘ఐదూ ఇరవై’ అన్నట్టు ‘ఖంసా వ ఇష్రీన్’ అంటారు. రాతలో మన సున్నాలా కనిపించేది అక్కడ 5, సున్నాకు చుక్క పెడతారు. యార్డులో మిర్చి టిక్కీల తూకం, క్వింటా ధర అరబీలో పైకి చెప్పుకుంటూ ఉంటే నోరు తిరుగుతుంది.

రోజుకు అరగంట

రోజుకు ఐదు మాటలు చాలు. గల్ఫ్ నుంచి వచ్చిన బంధువుల చేత పలికించి ఫోన్‌లో రికార్డు చేసుకుని, వింటూ పైకి అనాలి. మొదట ఇవి: ‘రాతిబ్ కమ్?’ (జీతం ఎంత), ‘అనా మరీద్’ (నాకు ఒంట్లో బాగోలేదు, ఆడవాళ్లయితే ‘మరీదా’), ‘మా ఫహమ్త్’ (అర్థం కాలేదు), ‘షువై షువై’ (మెల్లగా).

ఎంత నేర్చుకున్నా, అర్థం కాని అరబీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. తెలిసినవాళ్లతో చదివించుకుని, జీతం అంకె సరిచూసుకున్నాకే పెట్టండి.