అమ్మకు ఆఫ్రికా చూపించాలంటే...

జువ్వలదిన్నె: కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని వెనకటి పెద్దలు అనేవారు. రైలు వచ్చాక ఆ మాట పాతబడింది. బిట్రగుంటలోనో, కావలిలోనో రైలెక్కి కాశీ, గయ, ప్రయాగ చూసుకుని గంగచెంబుతో క్షేమంగా ఇల్లు చేరిన ముసలివాళ్లు మన తీర గ్రామాల్లో చాలామందే ఉన్నారు. ఇప్పుడు మరో అడుగు ముందుకు పడింది. పిల్లలు గల్ఫులోనో, అమెరికాలోనో, ఓడల మీదనో సంపాదించి, ‘అమ్మకు నాలుగు దేశాలు చూపిద్దాం’ అనుకుంటున్నారు. టూరు కంపెనీల కరపత్రాల్లో సింగపూరు, దుబాయిలతో పాటు దక్షిణాఫ్రికా, జింబాబ్వే, జాంబియా, బోట్స్‌వానా పేర్లు కూడా కనబడుతున్నాయి.

కరపత్రంలో సింహం ఉంటుంది, జలపాతం ఉంటుంది. అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి అందులో ఉండదు. అందుకే డబ్బు కట్టే ముందు తెలుసుకోవలసిన విషయాలు ఈ వ్యాసంలో ఇస్తున్నాం.

ఇది మనకు తెలియని దేశం కాదు

దక్షిణాఫ్రికాకూ మన మద్రాసు తీరానికీ సంబంధం ఈనాటిది కాదు. 1860 అక్టోబరు 12న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు రేవు నుంచి బయలుదేరి, 35 రోజులు ప్రయాణించి, నవంబరు 16న నాటాల్‌లోని డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది కూలీలు ఉన్నారు. తెల్ల దొరల చెరుకు తోటల్లో అయిదేళ్లు పనిచేస్తామని ఒప్పందం చేసుకుని వెళ్లినవారు వీరు. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. 1911లో ఈ వలస ఆగేదాకా మొత్తం లక్షా 52 వేల మందికి పైగా అలా వెళ్లారు. వారిలో ఎక్కువ మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలతో పాటు నెల్లూరు జిల్లా పేరు కూడా ఆనాటి రిజిస్టర్లలో ఉంది.

గడువు తీరాక కొందరు తిరిగి వచ్చారు. చాలామంది అక్కడే నిలిచిపోయారు. నిలిచిన వారిపై ఏడాదికి 3 పౌన్ల తలపన్ను వేస్తూ 1895లో చట్టం చేశారు. ఆ పన్ను రద్దు కోసం 1913లో గాంధీగారి నాయకత్వాన పెద్ద సమ్మె జరిగింది. మరుసటి ఏడాది పన్ను రద్దయింది. ఆ పోరాటంలో గాంధీగారికి కుడిభుజంగా నిలిచిన వారిలో తంబి నాయుడు ఒకరు.

కూలీలుగా వెళ్లినవారిలో కొందరు ఒప్పందం తీరాక డర్బన్ ఖాతంలోని సాలిస్‌బరీ దీవి మీద గుడిసెలు వేసుకుని చేపల వేట సాగించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ దీవి సైనిక అవసరాల కిందికి పోయింది. అయినా డర్బన్ ఒడ్డున వల లాగే భారతీయ కుటుంబాలు తర్వాత కూడా ఉన్నాయి. ఏటా మే, జూన్, జూలై నెలల్లో ఆ తీరానికి సార్డైను చేపలు మందలు మందలుగా వస్తాయి. మన కవళ్ల జాతివే అవి. ఒడ్డు నుంచే చుట్టు వల వేసి లాగుతారు. అలివి వల లాగిన చేతులకు ఆ దృశ్యం కొత్తగా ఉండదు.

పాస్‌పోర్టు చెల్లని కాలం

ఇంత సంబంధం ఉన్నా, చాలా ఏళ్లు మనవాళ్లు ఆ దేశం చూడలేకపోయారు. అక్కడి వర్ణవివక్షకు నిరసనగా భారతదేశం 1946లో దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానేసింది. మన పాస్‌పోర్టు ఆ దేశానికి చెల్లేది కాదు. నెల్సన్ మండేలా 27 ఏళ్ల జైలు తర్వాత 1990 ఫిబ్రవరి 11న విడుదలయ్యారు. 1993లో రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు మళ్లీ మొదలయ్యాయి. 1994లో మండేలా అధ్యక్షుడయ్యారు. కనుక మన తల్లిదండ్రుల వయసులో ఉన్నవారికి పడుచుదనంలో మూసి ఉన్న తలుపు ఇది.

ఏమి చూస్తారు?

టూరు కంపెనీలు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో జొహానెస్‌బర్గ్, క్రూగర్ అభయారణ్యం, కేప్‌టౌన్, విక్టోరియా జలపాతం చూపిస్తాయి.

క్రూగర్ జాతీయ వనం 1926లో ఏర్పడింది. విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. పాత ఉమ్మడి నెల్లూరు జిల్లా మొత్తం 13 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన జిల్లాకు దాదాపు ఒకటిన్నర రెట్ల అడవి. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న అక్కడ స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. అక్కడ బోనులో ఉండేది మనమే. నిర్ణీత స్థలాల్లో తప్ప వాహనం దిగకూడదు.

విక్టోరియా జలపాతం జాంబియా, జింబాబ్వే సరిహద్దున ఉంది. జాంబెజీ నది 1,708 మీటర్ల వెడల్పున, 108 మీటర్ల లోతుకు దూకుతుంది. అక్కడి జనం దాన్ని ‘ఉరిమే పొగ’ అని తమ భాషలో పిలుస్తారు. ఏప్రిల్ ప్రాంతంలో నీరు ఎక్కువ. ఒళ్లంతా తడుస్తుంది, ఒక్కోసారి తుంపర్ల వల్ల జలపాతమే కనబడదు. అక్టోబరు, నవంబరుల్లో నీరు బాగా తగ్గి, జాంబియా వైపు బండలే మిగులుతాయి. జింబాబ్వే వైపు నుంచి చూస్తే ఎక్కువ భాగం కనబడుతుంది. తోవ చాలావరకు చదునుగానే ఉంటుంది కానీ తడిసి జారుతుంది.

కేప్‌టౌన్‌లో 1,086 మీటర్ల టేబుల్ పర్వతం పైకి 1929 నుంచి తీగమార్గం ఉంది. మెట్లు ఎక్కలేని వారు కూడా కొండ శిఖరం చూడవచ్చు. మండేలాను 18 ఏళ్లు బంధించిన రాబెన్ దీవికి పడవలో తీసుకెళ్తారు. సముద్రం పోటు మీదుంటే పడవలు ఆపేస్తారు. పడవ ఊగితే బస్సులో ఉన్న తక్కినవారు వాంతులు చేసుకోవచ్చు గానీ, జువ్వలదిన్నె ఆడపడుచుకు అదొక లెక్క కాదు.

ఈ జాబితాలో డర్బన్ చాలాసార్లు ఉండదు. అడిగి కలిపించుకోవాలి. అక్కడికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషను ఉంది. 1893 జూన్ 7 రాత్రి మొదటి తరగతి పెట్టెలోంచి గాంధీగారిని దింపేసింది అక్కడే. డర్బన్‌లో ‘1860 హెరిటేజ్ సెంటర్’ అనే ప్రదర్శనశాల ఉంది. తెలుగువారు 1931లో స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ కూడా ఉంది. ఇళ్లలో తెలుగు మాట తగ్గి ఇంగ్లీషు వచ్చింది. కానీ నాయుడు, రెడ్డి అనే పేర్లు నిలిచాయి, గుడులు నిలిచాయి, కూర ఘాటు నిలిచింది. రొట్టె మధ్యలో తొలిచి మసాలా కూర నింపి పెట్టే ‘బన్నీ చౌ’ ఆ ఊరి ప్రత్యేకత.

ముందు డాక్టరు, తర్వాతే టూరు ఆఫీసు

చాలామంది ముందు డబ్బు కట్టి, ప్రయాణానికి వారం ముందు డాక్టరు దగ్గరికి పోతారు. ఇది తలకిందుల పద్ధతి. కనీసం రెండు నెలల ముందు పెద్దవాళ్లకు బీపీ, సుగరు, గుండె పరీక్షలు చేయించాలి.

పచ్చజ్వరం టీకా విషయం జాగ్రత్తగా చూడాలి. దక్షిణాఫ్రికాలో ఆ జబ్బు లేదు. కానీ ఇథియోపియా, కెన్యా వంటి దేశాలు ఆ జబ్బు జాబితాలో ఉన్నాయి. విమానం ఆ దేశాల మీదుగా పోతూ అక్కడ 12 గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికాలో టీకా సర్టిఫికెట్ అడుగుతారు. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడగవచ్చు. టీకా వేసిన 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఈ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు దగ్గరలో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అయితే 60 ఏళ్లు దాటినవారికి ఈ టీకా వల్ల ప్రమాదం కొంత ఎక్కువ. డాక్టరు సలహా లేకుండా వేయించరాదు. గల్ఫు మీదుగా పోయే విమానం ఎంచుకుంటే ఈ చిక్కే ఉండదు. టిక్కెట్టులో నాలుగు వేలు మిగులుతాయని ముసలి ప్రాణానికి ముప్పు తేకూడదు.

మలేరియా రెండో విషయం. క్రూగర్, విక్టోరియా జలపాతం ప్రాంతాల్లో మలేరియా ఉంది, వానాకాలమైన నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఎక్కువ. కేప్‌టౌన్, డర్బన్‌లలో లేదు. ముందు నుంచే వేసుకోవలసిన మాత్రలు డాక్టరు రాసిస్తారు. మాత్రలు పడనివారికి పిలానెస్‌బర్గ్ అనే మలేరియా లేని అభయారణ్యం ఉంది. అక్కడ కూడా సింహం, ఏనుగు కనబడతాయి.

కాలం, దుస్తులు, మాత్రలు

అక్కడి రుతువులు మనకు తలకిందులు. మనం రోహిణి కార్తె ఎండలకు అల్లాడే రోజుల్లో అక్కడ చలి మొదలవుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా శీతాకాలం. గడ్డి ఎండి, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి గనుక అవి బాగా కనబడే కాలం అదే. కానీ తెల్లవారుజామున పైకప్పు లేని జీపులో చలిగాలి కొడుతుంది. స్వెట్టరు, మఫ్లరు, సాక్సులు తప్పనిసరి.

ఆ జీపులు ఎత్తుగా ఉంటాయి. ఎక్కడానికి మోకాళ్లు సహకరించాలి. మూడు గంటలు గతుకుల్లో తిరుగుతాయి. మధ్యలో మరుగుదొడ్డి దొరకదు. ఆడవాళ్లు సిగ్గుపడి ఈ మాట ఎవరికీ చెప్పరు. నీళ్లు తాగడం మానేసి కూర్చుంటారు, సాయంత్రానికి నీరసపడతారు. కనుక పిల్లలే ముందుగా అడిగి, మూసి ఉన్న వ్యాను, మధ్యలో ఆగే విశ్రాంతి శిబిరం ఉన్న కార్యక్రమం ఎంచుకోవాలి.

రోజూ వేసుకునే మాత్రలు, ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, సామాను పెట్టెలో వేయరాదు. మందుల అసలు పేర్లతో డాక్టరు చీటీ వెంట ఉండాలి. అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో ముందే అడగాలి. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు కొన్నప్పుడే చెబితే ఉచితంగా ఇస్తారు. విమానంలో గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయించాలి.

బంగారం ఇంట్లోనే ఉంచాలి. అక్కడి నగరాల్లో దోపిడీలు ఎక్కువ. తాళి తీయనంటే పసుపుతాడుతో పంపడం మేలు. చీకటి పడ్డాక హోటలు దాటి నడవరాదు. ఇంకో చిన్న విషయం. అక్కడి ప్లగ్గు మన ఇళ్లలో హీటరుకు వాడే పెద్ద మూడు పిన్నుల ప్లగ్గు లాంటిదే.

కంపెనీని అడగవలసిన ప్రశ్నలు

నోటిమాట నమ్మరాదు, కాగితం మీద రాయించుకోవాలి. చెప్పిన ధరలో వీసా రుసుము, ఇన్సూరెన్సు, టిప్పులు, మధ్యాహ్న భోజనం కలిసి ఉన్నాయా? రోజుకు ఎన్ని గంటలు బస్సులో కూర్చోవాలి? పప్పన్నం దొరుకుతుందా? ఒకరోజు అమ్మ హోటల్లోనే ఉంటానంటే తోడెవరు? మధ్యలో జబ్బు చేస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు?

దక్షిణాఫ్రికాకు వీసా కావాలి. పాస్‌పోర్టులో కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండాలి. మిగతా దేశాల నిబంధనలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు ఆయా రాయబార కార్యాలయాల వద్ద నిర్ధారించుకోవాలి. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు ఉంటే ముందే సరిచేయించాలి. విదేశీ ప్యాకేజీ మీద కంపెనీ టీసీఎస్ అనే పన్ను వసూలు చేస్తుంది. రశీదు దాచుకుంటే ఆదాయపు పన్ను లెక్కల్లో సర్దుబాటవుతుంది. ఇన్సూరెన్సు ఫారంలో పాత జబ్బులు దాచరాదు. దాస్తే అవసరమైనప్పుడు పైసా రాదు.

అసలు ప్రశ్న

‘నా కోసం అంత డబ్బు ఎందుకు నాయనా, ఆ డబ్బుతో పడవకు ఇంజను మార్చుకో’ అని అనని తల్లి మన ఊళ్లలో ఉండదు. అప్పు చేసి పోయే యాత్ర కాదిది. వడ్డీకి తెచ్చి సింహాన్ని చూపిస్తే, ఆ వడ్డీ తీరేదాకా తల్లికి నిద్ర పట్టదు. కొడుకు గొప్ప కోసం పోయే యాత్ర కూడా కాకూడదు. ఆమెకు ఇష్టముందా, ఒళ్లు సహకరిస్తుందా అన్నవే ముందు చూడాలి. పద్నాలుగు రోజులు తిరగలేని వారికి ఎనిమిది రోజులు చాలు. నాలుగు ఊళ్లు మానేసి రెండు ఊళ్లు చూసినా తప్పు లేదు.

అయితే ఒళ్లు, డబ్బు రెండూ సహకరిస్తున్నప్పుడు ‘వచ్చే ఏడు చూద్దాం’ అనడం కూడా మంచిది కాదు. డెబ్భై ఏళ్ల మోకాలికి వచ్చే ఏడు ఈ ఏడులా ఉండదు.

వెనకటి రోజుల్లో మద్రాసులో ఓడెక్కిన కొడుకుల్లో చాలామందిని తల్లులు మళ్లీ చూడలేదు. డర్బన్‌లో దాచిన ఆ రిజిస్టర్లలో ప్రతి కూలీకి ఒక నంబరు, ఓడ పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు రాసి ఉన్నాయి. మన ఇళ్లలో ‘ముత్తాత తమ్ముడు నాటాలు పోయాడట’ అనే మాట ఉన్నవారు ఆ వివరాలు పెద్దల నోట ఇప్పుడే రాసి పెట్టుకుంటే, అక్కడ వెతుక్కోవడానికి పనికొస్తాయి. వారు 35 రోజులు ఓడలో పోయిన దూరాన్ని, చెన్నైలో విమానమెక్కిన తల్లి ఒక్కరోజులో చేరవచ్చు. వారు ఒంటరిగా పోయారు, ఈమె పక్కన కొడుకు ఉంటాడు.

డర్బన్ ఒడ్డున కాళ్లు తడిపే నీళ్లూ, జువ్వలదిన్నె ఒడ్డున కాళ్లు తడిపే నీళ్లూ ఒకే హిందూ మహాసముద్రానివి. పోవాలనుకునే వారు శీతాకాలానికి ముందే డాక్టరును కలవడం, పాస్‌పోర్టు పేర్లు సరిచూసుకోవడం మొదలుపెట్టాలి.