మనుషులు 42, స్క్రీన్ మీద 57

ఈ ముక్క ఎపిసోడ్‌లో నోటితో చెబితే సరిగ్గా ఎక్కలేదని కొందరు అన్నారు, అందుకే రాసి పెడుతున్నా. పగలు సైట్ మీద పని, రాత్రి రూంలో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ నేర్చుకునే మనోళ్లకి ఇది.

మా దుబాయ్ సైట్‌లో హాజరు, ఓటీ చూసే చిన్న వెబ్ పేజీ ఉంది. మనుషులు 42 మంది. పేజీ 57 అంది. ఆ అంకె చూసి భోజనాలు చెబితే అన్నం మిగులుతుంది, అంతే. అదే క్వెరీతో ఓటీ కడితే మాత్రం ఎవడో ఒకడు ఇంటికి పంపే డబ్బులో కోత పడుతుంది.

ఇలాంటప్పుడు ముందు కౌంట్ తీసేయండి. వరుసలన్నీ ఐడీ ప్రకారం పేర్చి కళ్లతో చూడండి. మేం చూస్తే 15 మంది రెండేసిసార్లు ఉన్నారు. కార్మికుల టేబుల్‌కి ఓటీ టేబుల్‌ని లెఫ్ట్ జాయిన్ చేశారు. రెండు ఓటీ ఎంట్రీలున్నవాడు రెండు వరుసలై వచ్చాడు. కౌంట్ లెక్కపెట్టేది వరుసల్ని, మనుషుల్ని కాదు.

మనుషులు కావాలంటే కౌంట్ లోపల డిస్టింక్ట్ పెట్టి ఐడీ కాలమ్ ఇవ్వాలి. పేరు కాలమ్ ఇవ్వొద్దు, ఏ క్యాంపులో చూసినా ముగ్గురు శ్రీనివాసులుంటారు. ఇంకోటి, ఇది పనిచేసింది కదా అని ఓటీ గంటల సమ్‌లో కూడా డిస్టింక్ట్ పెట్టేరు! రామయ్య 2 గంటలు, సత్తయ్య 2 గంటలు చేస్తే మొత్తం 4 కాదు, 2 వస్తుంది. గంటలు మాయమయ్యేది ఇక్కడే. ఓటీ టేబుల్‌లోనే ఒక్కో మనిషికి గ్రూప్ బై చేసి కూడి, తర్వాత జాయిన్ చేయండి.

లెక్క తక్కువొస్తే కౌంట్ బ్రాకెట్లో ఏముందో చూడండి. స్టార్ ఉంటే అన్ని వరుసలూ వస్తాయి. అవుట్ టైమ్ కాలమ్ ఉంటే, ఇంకా పంచ్ కొట్టనివాళ్లు నల్ కాబట్టి లెక్కలోకి రారు.

రాత్రి షిఫ్ట్ వాళ్లకి మరో తిప్పలు. సర్వర్ టైమ్ యూటీసీలో ఉంటే దుబాయ్ దానికంటే 4 గంటలు ముందు. రాత్రి 12 దాటాక 4 లోపు కొట్టిన పంచ్ నిన్నటి తేదీలో పడుతుంది. సౌదీ, ఖతార్, కువైట్ వాళ్లకి ఆ తేడా 3 గంటలు. ఒకటో తారీఖు తెల్లవారుజామున కొట్టిన పంచ్ పాత నెల షీట్‌లోకి పోతుంది, ఆ షీట్ అప్పటికే అకౌంట్స్‌కి వెళ్లిపోయి ఉంటుంది.