తేల్చుకోలేకపోతున్నారా? చేసి చూడండి

చేస్తున్న పని వదలాలా, వద్దా? ఈ ప్రశ్నకు పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల మనుషులు తమ బతుకులతోనే జవాబు చెప్పారు.

ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే సారుకు మనసంతా పాడి మీద ఉంటుంది. గ్రూప్స్‌కు చదువుతున్న అమ్మాయికి సొంతంగా దుకాణం పెట్టుకోవాలని ఉంటుంది. మగ్గం మీద కూర్చున్న కొడుకు పట్నంలో ఉద్యోగం వెతుక్కోవాలా అని ఆలోచిస్తుంటాడు. ఇంట్లో కదిపితే 'ఉన్నది మంచిగనే ఉంది గదా, ఇప్పుడెందుకు?' అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. వానను నమ్ముకుని బతికిన మెట్ట ప్రాంతంలో నెలనెలా వచ్చే నాలుగు రూపాయల విలువ తెలిసినవాళ్ల మాట అది. దాన్ని తీసిపారేయలేం. అలాగని ఏళ్ల తరబడి తేల్చుకోకుండా ఉంటే వయసు ఆగదు.

అమ్మ భుజం నొప్పి

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసి మగ్గమెక్కారు. పోచంపల్లి చీరకు అద్దకానికి ముందు ఆసు పోయాలి. ఒక పక్కన ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా పుల్లలు. దారాన్ని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు 9 వేల సార్లు. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే చెయ్యి 18 వేల సార్లు తిరగాలి. తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూసి, 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టారు మల్లేశం.

ఐదేళ్లకు అప్పులు మిగిలాయి. యంత్రం సగంలో ఆగింది. ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. 1997లో హైదరాబాద్ వెళ్లి కూలి పనికి కుదిరారు. చూసినవాళ్లకు ఓడిపోయినట్టే. కానీ కూలి డబ్బుతో ఇల్లు గడుస్తుంటే ఆయన ఆలోచన యంత్రం మీదే నడిచింది. పుల్ల చుట్టూ దారాన్ని తిప్పే కదలిక ఒక్కటే కొరుకుడు పడలేదు. 1999లో బాలానగర్‌లో పనిమీద వెళ్లిన చోట ఒక యంత్రం కదలిక చూసి చిక్కుముడి విప్పారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. యంత్రానికి తల్లి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వరించింది.

నల్లకోటు నుంచి పత్రికకు

అలంపూర్ ప్రాంతంలోని ఇటిక్యాలపాడు వాసి సురవరం ప్రతాపరెడ్డి బీఎల్ చదివారు. వకీలుగా స్థిరపడే దారి ముందే ఉంది. కొంతకాలం ఆ వృత్తి చేశారు కూడా. చివరికి మనసు పెట్టింది మాత్రం పత్రిక మీద. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలూ మోస్తూ 1926లో గోలకొండ పత్రిక నడపడం మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్నవాళ్లకు 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబిచ్చారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. తెలుగుకు అదే మొదటిది. అప్పటికి ఆయన లేరు.

వదలకుండానే

అన్నిసార్లూ పని మారాల్సిన అవసరమూ లేదు. పాలమూరు బిడ్డ గోరటి వెంకన్న సహకార శాఖలో ఉద్యోగం చేస్తూనే ఊరూరా పాడుకునే పాటలు కట్టారు. 'వల్లంకి తాళం' సంపుటికి 2021 అకాడమీ పురస్కారం అందుకున్నారు. కొందరికి కావలసింది కొత్త ఉద్యోగం కాదు, ఇష్టమైన పనికి రోజూ కొంత సమయం.

ముందు కొలత, తర్వాత మాట

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు పెద్దలు. ఏళ్లకేళ్లు అలాగే నిలబడితే మునగడం ఖాయమే. కానీ మల్లేశం, సురవరం ఇద్దరూ కొత్త పని నిలదొక్కుకునేదాకా మరో ఆధారాన్ని చేతిలో ఉంచుకున్నారు. అనుమానం తీరింది ఆలోచనతో కాదు, పనిలో దిగాక.

మీరూ అదే చేయండి. పాడి మీద మనసుంటే ముందు ఒక్క బర్రెను కొని, పాలు, దాణా లెక్క రాయండి. దుకాణం ఆలోచన ఉంటే సెలవు రోజుల్లో తెలిసినవాళ్ల దుకాణంలో కూర్చోండి. ఆ పనిలో నష్టపోయినవాళ్లనూ కలవండి, గెలిచినవాళ్లు చెప్పనిది వాళ్లు చెబుతారు. ఆరు నెలలు జీతం లేకపోయినా ఇల్లు గడిచే డబ్బు విడిగా దాచండి. ఇంట్లోవాళ్ల ముందు ఆశ కాదు, లెక్క పెట్టండి. అన్నింటికీ మించి గడువు పెట్టుకోండి. ఆ తేదీ నాటికి లెక్క కుదిరితే మారండి. కుదరకపోతే ఉన్న పనిని మనసు పెట్టి చేయండి. రెండూ గౌరవమైన నిర్ణయాలే. ఏదీ తేల్చకుండా ఏళ్లు గడపడమే అసలు నష్టం.